పొడా, లిక్విడా అని అడిగే ముందు టైమెంతయిందో చూడండి

గుంటూరులో ఓ ప్రైవేటు ఆసుపత్రి క్యాంటీన్ నడపడం నాకిది 11వ ఏడు. ఏటా మార్చిలో కాంట్రాక్టు రెన్యువల్‌కి అడ్మిన్ ఆఫీసు నుంచి ఓ ఫారం వస్తుంది. ఇడ్లీ ఎన్ని గ్రాములుండాలి, సాంబారు ఎన్ని మిల్లీలీటర్లు పొయ్యాలి, బీపీ పేషెంట్ల కూరలో ఉప్పెంత వెయ్యాలి, అన్నిటికీ గడులుంటాయి. రెండేళ్ల కిందట ఆ ఫారంలో కాఫీ దగ్గర కొత్త గడి ఒకటి పుట్టుకొచ్చింది. పొడి, లిక్విడ్. ఏదో ఒకదానికి టిక్ పెట్టాలి.

నేను ఆలోచించకుండా పొడికి పెట్టాను. మా నాన్న పొడితోనే నడిపాడు, నేనూ దాంతోనే నడుపుతున్నాను, ఇంకో మాటేముంది అనుకున్నాను. ఆ పెట్టిన టిక్కు సగమే రైటని తెలియడానికి ఏడాది పట్టింది. హాస్టల్ మెస్సులు, ఆఫీసు క్యాంటీన్లు నడిపేవాళ్లు చాలామంది నన్ను ఇదే అడుగుతుంటారు కాబట్టి, ఫోన్లో పది నిమిషాల్లో తేలనిది ఇక్కడ రాస్తున్నాను.

లిక్విడ్ అంటే ఏదో కొత్త పదార్థం కాదు. మనం ఇంట్లో ఫిల్టర్లో దింపే డికాక్షనే. ఫ్యాక్టరీలో టన్నుల లెక్కన దింపి, చిక్కబరిచి, ప్యాకెట్లలోనో అట్టపెట్టెలో ఇమిడ్చిన సంచుల్లోనో నింపి అమ్ముతారు. సంచిని మెషీన్‌కి తగిలిస్తే, మీట నొక్కినప్పుడల్లా పంపు లెక్కగా కొంచెం వదులుతుంది, వేడి పాలో నీళ్లో వచ్చి కలుస్తాయి. అదే చిక్కటి ద్రవాన్ని చివరిదాకా ఎండబెట్టి పొడి చేస్తే అది ఇన్‌స్టంట్. అంటే ఇన్‌స్టంట్‌కి ఒక్క మెట్టు ముందు ఆగిపోయిన సరుకన్నమాట ఈ లిక్విడ్. ఇదేదో విదేశీ విద్య అనుకోవద్దు. మాకు కూతవేటు దూరంలో, పసుపు యార్డుకి పేరున్న దుగ్గిరాలలో, సీసీఎల్ అనే కాఫీ కంపెనీవాళ్ల ఫ్యాక్టరీ తొంభైల నుంచీ ఇన్‌స్టంట్ కాఫీ చేసి దేశాలకి పంపుతోంది. తెనాలి నుంచి బెజవాడ వెళ్లే రైల్లో ఆ ఊరు దాటేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

సరే, మా కాఫీ మాస్టర్ సంగతి చెప్పాలి. నాన్న రోజుల నుంచీ ఉన్న మనిషి, నేను బాబాయ్ అంటాను. తెల్లారి నాలుగుంపావుకి స్టవ్ వెలిగిస్తాడు. పెద్ద స్టీలు డ్రమ్ముకి గుడ్డ సంచి కట్టి, అందులో కిలో పొడి పోసి, చేత్తో చదును చేస్తాడు. గట్టిగా నొక్కడు. నొక్కితే నీళ్లు దిగవు, వదులుగా వదిలేస్తే జారిపోతాయి. మరుగుతున్న నీళ్లు దింపి, బుడగలు అణిగాక, ముందు ఒక్క మగ్గు మాత్రం పొడంతా తడిసేలా చుట్టూ పోస్తాడు. అక్కడ ఆగుతాడు. పొడి మెల్లగా లేస్తుంది, మధ్యలో బొబ్బల్లా పొంగి పగులుతుంది. వేయించిన గింజలో ఇరుక్కున్న గ్యాసు వేడినీళ్లు తగలగానే బయటికి వచ్చేస్తోందన్నమాట. పొంగితే పొడి తాజాది. చదునుగా పడుంటే మర పట్టి చాలా రోజులైందని అర్థం. "చూశావా బాబూ, ఇవాళ పొంగలేదు. మిల్లువాడు పాత స్టాకు అంటగట్టాడు," అని ఆయన అన్న ప్రతిసారీ మిల్లువాడు మొదట కాదన్నాడు, తర్వాత ఒప్పుకున్నాడు.

ఆ తర్వాత మిగతా నీళ్లు నాలుగు విడతలుగా పోస్తాడు. మొత్తం అయిదు లీటర్లు పోస్తే మూడు లీటర్ల డికాక్షన్ దిగుతుంది. రెండు లీటర్లు పిప్పిలోనే ఉండిపోతాయి, పొడి తన బరువుకి రెండింతల నీళ్లు పట్టి ఉంచుకుంటుంది. కప్పుకి 25 మిల్లీలీటర్లు వేస్తే 120 కప్పులు. ఇదంతా సుమారు ముప్పావుగంట పని. అయిదున్నరకి నైట్ డ్యూటీ దిగే సిస్టర్లు, పేషెంట్ల తాలూకు మనుషులు ఫ్లాస్కులు పట్టుకుని కౌంటర్ దగ్గరుంటారు. తొమ్మిదింటిదాకా ఊపిరి సలపదు.

ఆ కాఫీకి పేరుంది. ఎదురు మెడికల్ షాపులవాళ్లు రోడ్డు దాటి వచ్చి తాగుతారు. అందుకే పోయిన ఏడాది లిక్విడ్ కంపెనీ కుర్రాడు మెషీన్ మోసుకుని వచ్చినప్పుడు నేను నవ్వుతూనే కూచోమన్నాను.

"సార్, ఒకసారి ఇది పెడితే ఇక మాస్టర్‌తో పనిలేదు," అన్నాడు. అన్నది బాబాయ్ ఎదురుగా. అమ్మే విద్య అతనికి ఇంకా అబ్బలేదు.

పందెం లాంటిది పెట్టాం. తెల్లవారి 5:45కి ఓసారి, 11:15కి ఓసారి. రెండు ట్రేలు, ఒకే పాలు, ఒకే చక్కెర, ఒకటి మా డికాక్షన్, ఒకటి అతని లిక్విడ్. కప్పుల అడుగున సుద్దముక్క గుర్తులు. తాగిందల్లా పన్నెండు మంది: సిస్టర్లు, ల్యాబ్ కుర్రాళ్లు, ఇద్దరు ఆయాలు, గేటు దగ్గర సెక్యూరిటీ. తెల్లవారుజామున పదిమంది మా కప్పే బాగుందన్నారు. కుర్రాడి మొహం చిన్నబోయింది. పదకొండుంబావుకి మళ్లీ అదే పన్నెండు మంది, అవే రెండు ట్రేలు. ఈసారి తొమ్మిది మంది లిక్విడ్ బాగుందన్నారు. బాబాయ్ కూడా తాగాడు. ఏది ఏదో తెలియకుండానే లిక్విడ్ కప్పు పక్కన పెట్టి, "ఇది మనది," అన్నాడు. నేనేం మాట్లాడలేదు. కప్పు తిప్పి సుద్ద గుర్తు చూసుకుని ఆయనే లోపలికి వెళ్లిపోయాడు.

ఆ అయిదున్నర గంటల్లో లిక్విడ్ ఏమీ మెరుగుపడలేదు, పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. దిగజారింది మా డికాక్షన్. తొమ్మిది తర్వాత మిగిలిన లీటరున్నరని డ్రమ్ములో వేడినీళ్ల మీద ఉంచుతాం. కాఫీలో ఉండే కొన్ని పదార్థాలు వేడి మీద ఉన్నకొద్దీ విడిపోయి ఆమ్లాలవుతాయి, సువాసన ఎగిరిపోతుంది, చేదూ పులుపూ మిగులుతాయి. ఇంకొంచెం సేపు ఉంచి, పాలు కూడా పొద్దుటివే అయితే, కప్పులోనే విరుగుతాయి. "మీ పాలు విరిగాయి" అని కౌంటర్లో గొడవ పడేవాళ్లకి పాలతోపాటు డికాక్షన్‌నీ అనుమానించమని చెబుతుంటాను. చాలాసార్లు తప్పు రెండిటిదీనూ.

కాబట్టి నా వాదన ఇది. క్యాంటీన్ కాఫీని పాడుచేసేది నిలవ. డికాక్షన్ దిగిన గంటలోపు డ్రమ్ము ఖాళీ అయ్యే చోట పొడిని కొట్టేది లేదు. గంటకి పది కప్పులు అమ్ముడయ్యే చోట, ఎంత గొప్ప పొడి తెచ్చినా మీరు అమ్మేది నాలుగ్గంటల నాటి డికాక్షన్. అక్కడ లిక్విడ్ నయం. పొడి మంచిదా లిక్విడ్ మంచిదా అన్న ప్రశ్న ఆసుపత్రికో హాస్టల్‌కో మొత్తంగా వెయ్యకూడదు, రోజులో ఒక్కో పూటకి విడివిడిగా వెయ్యాలి. ఫారంలో ఆ ఒక్క గడి పెట్టినవాళ్లకి ఇది తట్టలేదు. నాకూ తట్టలేదు లెండి.

"అమెరికాలో ఆసుపత్రులన్నీ లిక్విడ్ మెషీన్లే పెడుతున్నాయి" అని కంపెనీలవాళ్లు తరచూ చెప్పే మాట. అన్నీ కాకపోయినా కొన్ని పెడుతుండొచ్చు. కానీ వాళ్లు తాగేది ఎక్కువగా పాలు లేనిదో, కాస్తే వేసిందో అయిన పెద్ద కప్పు. లిక్విడ్ అసలు లోపం, వేడి చేసి నిలవ పెట్టడం వల్ల వచ్చే ఆ ఉడుకు వాసన, అలాంటి కప్పులో దాచడానికి వీల్లేదు. మన కప్పులో ముప్పాతిక పాలే. పైన చక్కెర. డికాక్షన్‌లో సగానికి దగ్గరగా చికోరీ. ఇన్నిటి కింద ఆ వాసన అణిగిపోతుంది. అంటే వాళ్లకంటే మనకే లిక్విడ్ బాగా నప్పుతుంది. ఈ మాట వింటే ఫిల్టర్ కాఫీ భక్తులు నా మీదికి వస్తారు, రానివ్వండి.

చికోరీ అన్నాను కదా, అక్కడ కాస్త ఆగుతాను. చికోరీ కాఫీ కాదు, ఒక మొక్క వేరు. గుజరాత్‌లో, ఉత్తరప్రదేశ్‌లో పండిస్తారు. వేయించి పొడి చేస్తే డికాక్షన్‌కి రంగూ చిక్కదనమూ ఇస్తుంది, కెఫీన్ మాత్రం ఉండదు. మన ఆహార నిబంధనల ప్రకారం కాఫీ చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఎంతెంత ఉందో ప్యాకెట్ మీద వెయ్యాలి. 53, 47 పాళ్లలో దొరికే పొడులున్నాయి, 60, 40వి ఉన్నాయి, 80, 20వి ఉన్నాయి. ధర తేడా అంతా అక్కడే. లిక్విడ్ కొనేటప్పుడు కూడా ముందు ఆ అంకె చూడండి. కంపెనీ కుర్రాడు మెషీన్ అందాలు చూపిస్తుంటే మీరు ప్యాకెట్ వెనక్కి తిప్పండి.

"అరకు కాఫీ పెట్టొచ్చు కదండీ" అని డాక్టర్లు అడుగుతుంటారు. అరకులో పండే అరబికా రకం కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, మన్యంలో గిరిజన రైతులు నీడ చెట్ల కింద పండించే సరుకు, గర్వంగా ఉంటుంది. ఇంట్లో నేను తాగేది అదే. కానీ దాన్ని తెచ్చి సగం చికోరీ కలిపి, ముప్పాతిక పాలు పోసి, రెండు చెంచాల చక్కెర వేశాక, అందులో అరకు ఎక్కడుందో వెతుక్కోవాలి. పాలని తట్టుకుని నిలబడేది రోబస్టా అనే ఇంకో రకం. కెఫీన్ కూడా దాంట్లో అరబికాకి ఇంచుమించు రెట్టింపు. నైట్ డ్యూటీ సిస్టర్లకి కావలసింది అదే.

ఇక డబ్బు లెక్క. మీ ఊళ్లో రేట్లు వేరుగా ఉంటాయి, పద్ధతి మాత్రం ఇదే. కిలో పొడి 700 రూపాయలనుకుందాం. 120 కప్పులు కాబట్టి కప్పుకి 5 రూపాయల 83 పైసలు. లిక్విడ్ లీటరు 300 అనుకుందాం, కప్పుకి అదే 25 మిల్లీలీటర్లయితే 40 కప్పులు, కప్పుకి ఏడున్నర. తేడా 1 రూపాయి 67 పైసలు. రోజుకి 600 కప్పులు పోసే చోట మొత్తం లిక్విడ్‌కి మారితే రోజుకి వెయ్యి రూపాయలు, నెలకి 30 వేలు అదనం. ఇక్కడితో లెక్క ఆపేసి "అబ్బే, పొడే" అనేవాళ్లని చాలామందిని చూశాను. నేనూ అలాగే ఆపేశాను.

ఆపకూడదు. పారబోసే డికాక్షన్ సంగతి ఎవరూ రాయరు. మా దగ్గర తొమ్మిదిన్నర నుంచి మూడున్నర దాకా, మళ్లీ రాత్రి తొమ్మిది తర్వాత, కప్పులు చెదురుమదురుగా పోతాయి. ఆ పూటల కోసం దింపినదాంట్లో రోజుకి రెండు లీటర్లు మురుగుకాలవలోకే పోయేవి. రెండు లీటర్లంటే 80 కప్పుల సరుకు, 466 రూపాయలు, నెలకి 14 వేలు. అదీ పారబొయ్యడానికి మనసొప్పితే. ఒప్పకపోతే పేషెంటు తాలూకు మనిషి పొట్టలోకి. మా 600లో ఆ పలచటి పూటలవి 200 కప్పులు. ఆ 200 మాత్రమే లిక్విడ్‌కి మారిస్తే అదనపు ఖర్చు నెలకి 10 వేలు, తగ్గే నష్టం 14 వేలు. రాత్రి డికాక్షన్ దింపడానికని ఒక మనిషిని కూచోబెట్టక్కర్లేదు, అది వేరే.

పాత లెక్కలు ఉన్నవాళ్లకి ఒక మాట. కాఫీ ఎక్స్‌ట్రాక్టులు, కాన్సంట్రేట్లు, అంటే ఈ లిక్విడ్ లాంటి సరుకు మీద జీఎస్టీ 18 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి దిగింది. అంతకు ముందు తీసుకున్న కొటేషన్ మీ ఫైల్లో ఉంటే చించేసి కొత్తది తెప్పించుకోండి. గింజల ధర కూడా స్థిరంగా లేదు. బ్రెజిల్‌లో, వియత్నాంలో వానలు మొహం చాటేశాక 2024 నుంచీ ధరలు ఎగబాకి, 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ మార్కెట్లో అరబికా పౌను (అరకిలోకి కాస్త తక్కువ) 4 డాలర్లు దాటింది. ఆ వేడి గుంటూరు మిల్లులో పొడి కొనే నాకూ తగిలింది. ఏడాదికి ఒకే రేటు అని టెండర్లో రాసి సంతకం పెట్టిన కాంట్రాక్టర్లు అప్పుడేం చేసి ఉంటారో చెప్పనా?

రెండో డికాక్షన్. ఒకసారి దింపిన పిప్పి మీదే మళ్లీ నీళ్లు పోసి, ఆ వచ్చినదాన్ని మొదటిదాంట్లో కలిపేస్తారు. రంగు ఉంటుంది, చేదు ఉంటుంది, కాఫీ ఉండదు. పొడితో ఉన్న పెద్ద ఇబ్బంది ఇదే, వంటింట్లో ఎవరూ చూడని చోట జరుగుతుంది. ఇంకొకటి, పొడి స్టోర్లోంచి ఇంటికి నడిచిపోతుంది. పావుకిలో పొట్లం జేబులో పడుతుంది కదా. లిక్విడ్ సంచిని ఇంటికెత్తుకెళ్లేవాణ్ణి ఇంతవరకూ చూడలేదు. అలాగని లిక్విడ్ నడిపేవాళ్లంతా ధర్మరాజులేం కాదు. మెషీన్‌లో పంపు కొలత మార్చే మర లోపలే ఉంటుంది, 25ని 20 చెయ్యడానికి స్క్రూడ్రైవర్ చాలు. అందుకని టెండర్ రాసేవాళ్లు కాఫీ అని ఒక్క ముక్క రాసి వదిలెయ్యొద్దు. పొడికైతే కప్పుకి ఎన్ని గ్రాములు, చికోరీ ఎంత, మర పట్టిన తేదీ. లిక్విడ్‌కైతే కప్పుకి ఎన్ని మిల్లీలీటర్లు, సంచి విప్పిన తేదీ. నెలకోసారి ఎవరైనా వచ్చి కొలగ్లాసు కింద పెట్టి మీట నొక్కితే చాలు.

ప్రీమిక్స్ మెషీన్ల గురించి రెండు ముక్కలు. పాలపొడి, చక్కెర, కాఫీ అన్నీ ముందే కలిపి వచ్చే పొడి అది. ఆసుపత్రిలో పెట్టకండి. షుగర్ పేషెంటుకి అందులోంచి చక్కెర తియ్యలేం. అంతే.

లిక్విడ్ వైపు మొగ్గినందుకు మెషీన్ చాకిరీ కూడా ఒప్పుకోవాలి. రోజూ రాత్రి నాజిల్ విప్పి వేడినీళ్లలో వెయ్యాలి. వెయ్యకపోతే పాలూ డికాక్షనూ కలిసి గడ్డకట్టి మూడోరోజుకి వాసన మొదలవుతుంది. మాకు మొదటి నెలలోనే అయింది, ఓ పెద్దాయన కప్పు తెచ్చి నా టేబుల్ మీద పెట్టి, "ఇది మీరు తాగండి," అన్నాడు. తాగలేకపోయాను. సంచి విప్పాక ఎన్ని రోజుల్లో వాడాలో కంపెనీ రాస్తుంది, అది పాటించాలి. చల్లగా ఉంచితేనే నిలిచే రకమైతే ఫ్రిజ్ తలుపు దగ్గర కాదు, లోపల పెట్టాలి. ఇంకో తెలివితేటలు కూడా విన్నాను, "మనమే డికాక్షన్ దింపి సీసాల్లో బిగించి పెట్టుకుంటే సరి కదా" అని. వద్దు. కాఫీలో పచ్చడికున్నంత పులుపు ఉండదు. గాలి చొరకుండా మూసి బయట పెడితే ప్రమాదకరమైన సూక్ష్మజీవులు అందులో పెరగొచ్చు, రుచిలో తెలియవు కూడా. ఫ్యాక్టరీవాళ్లు అంత వేడి చేసి నింపేది ఊరికే కాదు.

మరి చిన్న చోట్ల సంగతి? నలభైమంది ఉండే వర్కింగ్ విమెన్స్ హాస్టల్ నడిపే ఒకావిడ అడిగింది. పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది మధ్యే అందరూ తాగి వెళ్లిపోతారట. అయితే పొడే, అనుమానం లేదు, ఇంటి ఫిల్టర్‌కి అన్నలాంటిది రెండు కొనుక్కోమన్నాను. మూడు షిఫ్టులు నడిచే కాల్ సెంటర్ క్యాంటీన్ అతను అడిగాడు. అతనికి లిక్విడ్ చెప్పాను. పెళ్లిళ్లకి? పెళ్లిలో కాఫీ నిలవుండే ప్రసక్తే లేదు, మగపెళ్లివాళ్లు ఉండనిస్తారా.

కంపెనీ కుర్రాడు చెప్పిన మాట ఒకటి మాత్రం తప్పయింది. మాస్టర్‌తో పని పోలేదు. పోయిన శ్రావణంలో బాబాయ్ మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి నాలుగురోజులు ఊరెళ్తే, పొద్దున పూట కూడా లిక్విడ్‌తోనే లాగించాం. ఆ నాలుగురోజులూ మెడికల్ షాపులవాళ్లు రోడ్డు దాటలేదు. అయిదోరోజు ఆయన వచ్చాడు, వాళ్లూ వచ్చారు. బాబాయ్ ఇప్పటికీ ఆ మెషీన్ని చేత్తో ముట్టడు. పదకొండింటికి కాఫీ కావాలంటే కుర్రాణ్ణి నొక్కమంటాడు.

ఈ మార్చిలో ఫారం మళ్లీ వచ్చింది. అదే గడి, అదే టిక్. రెండిటికీ టిక్ పెట్టి, పక్కన ఉన్న కాస్త ఖాళీలో "ఉదయం 5:30–9:30, సాయంత్రం 3:30–9:00 పొడి, మిగతా వేళల్లో లిక్విడ్" అని రాసి పంపాను. ఏదో ఒకటే పెట్టాలని ఫోన్ వచ్చింది. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ రెండు తీసుకోదట. రెండు వరసలుగా వేరే ఐటెంలు చేసుకోమన్నాను, ఉదయం కాఫీ, మధ్యాహ్నం కాఫీ అని. చూస్తామన్నారు. ఈలోగా డ్రమ్ముకి కట్టే గుడ్డ సంచి జిడ్డు పట్టిపోయిందని, సబ్బు పెట్టకుండా ఎంత ఉడకేసినా వాసన పోవడంలేదని, కొత్త గుడ్డ రెండు మీటర్లు కావాలని బాబాయ్ మూడురోజులుగా పోరు పెడుతున్నాడు. ఇవాళైనా బజారుకి వెళ్లాలి.